మగ్గం వర్క్ బ్లౌజు, అమ్మ కళ్లద్దాలు, ఆగిపోయిన కూలి

ఈ ఎపిసోడ్‌ని లాల్ దర్వాజాలో మా ఇంట్లోనే కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. వెనక టక్ టక్ అని చప్పుడు వినిపిస్తుంటే మీ ఫోన్‌లో ప్రాబ్లం అనుకోకండి. అది పక్కింట్లో కార్చోబ్ మీద పని జరుగుతున్న చప్పుడు.

కార్చోబ్ అంటే తెలియనివాళ్లకి ఒక్క మాట. నాలుగు కర్రల చట్రం. దాని మీద గుడ్డని డప్పులాగా బిగించి కట్టి, జరీ, పూసలు, చమ్కీలు కుడతారు. మనం దాన్ని మగ్గం వర్క్ అంటాం. షాపు బోర్డు మీద జర్దోజీ అని ఉంటుంది. పెళ్లి సీజన్ వస్తే ఒక్క బ్లౌజుకి వేలకి వేలు పెడతాం కదా, ఆ పని ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో జరగదు. పాతబస్తీ గల్లీల్లో చిన్న చిన్న గదుల్లో జరుగుతుంది. కార్ఖానాల్లో ఎక్కువగా మగవాళ్లు, ఇళ్లల్లో ఆడవాళ్లు చేస్తారు.

ఈ రోజు మాట్లాడుకోబోయేది ఒక చిన్న ప్రశ్న గురించి. పని చేసే మనిషికి ఒంట్లో బాగోలేకపోతే వాళ్ల కూలి ఏమవుతుంది? ఆరోగ్యం మీద ప్రభుత్వం పెట్టే పథకాలు, చట్టాలు ఆ కూలిని కాపాడుతున్నాయా లేదా? టీవీ డిబేట్ టాపిక్‌లాగా ఉంది, తెలుసు. అందుకే మా అమ్మ దగ్గర మొదలుపెడతాను.

అమ్మకి ఈ పని నేర్పింది పక్కింటి ఖాలా. మా అక్క కడుపులో ఉన్నప్పుడు ఖాలీగా కూర్చోలేక వెళ్లి నేర్చుకుందట. అప్పట్నుంచి మా ఇంటి ముందు గదిలో కార్చోబ్ ఉంది. మేము దాని కిందే ఆడుకున్నాం, దాని కిందే పడుకున్నాం. నాన్న ఆటో నడిపేవాడు. ఆటో డబ్బులతో ఇంటి కిరాయి, తిండి. అమ్మ డబ్బులతో మా ఫీజులు.

2014లో అమ్మకి 41 ఏళ్లు. ఆ ఏడాది నాకు ఒక కొత్త డ్యూటీ పడింది. స్కూల్‌కి పోయేముందు పది సూదుల్లో దారం ఎక్కించి, ఒక గుడ్డ ముక్కకి వరసగా గుచ్చి పెట్టాలి. ఆరి సూదికి దారం ఎక్కించే పని ఉండదు కానీ, పూసలు కుట్టే సన్న సూదికి ఉంటుంది. "జర ఎక్కియ్యి బిడ్డా, నాకు సక్కగ కనవడ్తలేదు" అనేది. నాకు అదొక ఆటలాగా ఉండేది. పది సూదులు ఎంత ఫాస్ట్‌గా ఎక్కిస్తానా అని లెక్కపెట్టుకునేవాణ్ని.

మెల్లగా పని తగ్గింది. రెండు రోజుల్లో అయ్యే చేతుల పని మూడున్నర రోజులు పట్టేది. మా ఇంట్లో జీతం అనే మాట లేదు, పీస్‌కి ఇంత అని లెక్క. మూడున్నర రోజులు పట్టినా సేట్ ఇచ్చేది అదే డబ్బు. అంటే రోజుకి 150 దాకా పడేది 90కి దిగింది. కొన్నాళ్లకి సేట్ సన్న పని ఇవ్వడం మానేసి, పెద్ద పెద్ద చమ్కీలు కుట్టే ముతక పని ఇచ్చాడు. దానికి రేటు ఇంకా తక్కువ. ఆ మరుసటి ఏడాది మా అక్క ఇంటర్ సెకండియర్ మధ్యలో ఆపేసి కార్చోబ్ ముందు కూర్చుంది. సన్న పని ఇంట్లోకి మళ్లీ వచ్చింది. అక్క మళ్లీ కాలేజీకి పోలేదు.

ఇందులో ఎక్కడా జబ్బు అనే మాట రాలేదు, గమనించారా? అమ్మకి జ్వరం రాలేదు, ఆసుపత్రికి పోలేదు. అమ్మకి వచ్చింది చత్వారం. నలభై దాటితే అందరికీ వచ్చేదే. కంట్లో ఉండే కటకం వయసుతోపాటు బిరుసెక్కుతుంది, దగ్గరి వస్తువుల మీద ఫోకస్ కుదరదు. దూరంగా పోయే బస్సు నంబర్ కనిపిస్తుంది, చేతిలో సూది బెజ్జం కనిపించదు. దీనికి మందు రీడింగ్ గ్లాసెస్. మా ఏరియాలో అప్పుడు 150 రూపాయలు. అంటే అమ్మ ఒక్క రోజు కూలి.

మరి ఎందుకు కొనలేదు అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, చాలా ఏళ్ల తర్వాత. అమ్మ రెండు కారణాలు చెప్పింది. ఒకటి, కంటి డాక్టర్ దగ్గరికి పోతే ఆ రోజు పని పోతుంది. రెండోది నేను ఊహించలేదు. "అద్దాలు వెట్టుకుంట సేట్ కండ్లవడితే, ఈమెకు సూపు వోయిందని పనియ్యడనుకున్న" అంది. ఉన్న పని పోతుందేమోనన్న భయంతో, పని మెరుగయ్యే దారినే వదిలేసుకుంది.

2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలుపెట్టింది. తర్వాత మా దగ్గర కూడా క్యాంపు పెట్టారు. ఇంటి నుంచి ఐదు నిమిషాల నడక. అమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి వెళ్లి, అద్దాలతో తిరిగొచ్చింది. వచ్చాక కార్చోబ్ ముందు కూర్చుని ఒక సూది తీసుకుంది, దారం ఎక్కించింది. ఏమీ మాట్లాడలేదు. అప్పటికే నాలుగేళ్లు పోయాయి, అక్క చదువు పోయింది.

ఇది మా ఒక్క ఇంటి కథేనా అంటే, కాదు. దీన్ని నిజంగా కొలిచినవాళ్లు ఉన్నారు. అస్సాం టీ తోటల్లో 40 ఏళ్లు, అంతకంటే ఎక్కువ వయసున్న 751 మంది కార్మికులని తీసుకుని, లాటరీలాగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి దగ్గరి చూపు అద్దాలు ముందే ఇచ్చారు, రెండో గుంపుకి పరిశీలన అయిపోయాక ఇచ్చారు. రోజూ ఎంత ఆకు కోశారో తూకం వేశారు. అద్దాలు ఉన్నవాళ్ల పని, లేనివాళ్లతో పోలిస్తే దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే జర్నల్‌లో వచ్చిన ఫలితం ఇది.

బంగ్లాదేశ్‌లో ఇంకో అడుగు ముందుకేసి, నేరుగా ఆదాయాన్నే చూశారు. పల్లెల్లో 35 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 800 మందికి పైగా మనుషులు, అదే పద్ధతి. ఎనిమిది నెలల తర్వాత అద్దాలు తీసుకున్న గుంపులో మధ్యస్థ నెల ఆదాయం దాదాపు 35 డాలర్ల నుంచి 47 డాలర్లకి చేరింది. రెండో గుంపు ఆదాయంతో పోలిస్తే అది 33 శాతం ఎక్కువ. 2024లో వచ్చింది ఈ ఫలితం. కొత్త నైపుణ్యం నేర్పలేదు, లోన్ ఇవ్వలేదు. అద్దాలు ఇచ్చారు, అంతే.

అంటే కంటి వెలుగు లాంటిది ఆరోగ్య శాఖ పథకం అని మనం అనుకుంటాం కానీ, కళ్లతో బతికేవాళ్లకి అది కూలి పెంచే పథకం కూడా. క్యాంపు ఇంటి దగ్గరికి రావడం, ఒక పూటలో పని అయిపోవడం, చేతిలో వస్తువు పెట్టి పంపడం. ఈ మూడూ ఉన్నాయి కాబట్టే మా అమ్మ వెళ్లింది.

ఇక్కడిదాకా బాగుంది. ఇప్పుడు అంత తేలిగ్గా తెగని కథ ఒకటి చెప్తాను.

మా గల్లీలో ఒక అన్న ఉన్నాడు. పేరు చెప్పను. లక్క గాజుల పని చేసేవాడు. లాడ్ బజార్‌లో మీరు కొనే గాజులు, 2024లో జీఐ గుర్తింపు వచ్చిన హైదరాబాద్ లక్క గాజులు, అవే. బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని లక్కని వేడిచేసి, సాగదీసి, గుండ్రంగా తిప్పి, వేడి చల్లారకముందే రాళ్లు అతకాలి. ఆ కార్ఖానాలో మొత్తం తొమ్మిది మంది. 2019లో అన్నకి టీబీ వచ్చింది.

టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అన్న ఆరు నెలలు వాడాడు, తగ్గింది. నిక్షయ్ పోషణ్ యోజన కింద అప్పట్లో నెలకి 500 రూపాయలు, తిండి కోసం. 2024 నవంబర్ నుంచి అది 1,000 అయింది. మందులపరంగా చూస్తే అంతా సరిగ్గానే జరిగింది. కానీ ఆ ఆరు నెలలు కూలి లేదు. తగ్గాక తిరిగి పోతే అతని చోట్లో ఇంకొకరు కూర్చుని ఉన్నారు. "నువ్వు ఎప్పుడొస్తవో తెల్వదు, ఆర్డర్లు ఆగుతయా భాయ్?" అన్నాడట యజమాని. ఒకరకంగా అతని బాధ కూడా అబద్ధం కాదు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి.

అదే కార్ఖానాలో తొమ్మిది మంది కాకుండా పది మంది ఉండి, ఈఎస్ఐలో నమోదై ఉంటే ఏమయ్యేది? ఈఎస్ఐ అంటే ఉద్యోగుల రాజ్య బీమా. 1948 నాటి చట్టం, 1952 ఫిబ్రవరిలో కాన్పూర్, ఢిల్లీల్లో మొదలైంది. సాధారణంగా పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోటికి వర్తిస్తుంది. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లు వస్తారు. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం.

జీతం నెలకి 12,000 అనుకుందాం. కార్మికుడికి కట్ అయ్యేది 90 రూపాయలు. యజమాని కట్టేది 390. మొత్తం 480.

ఇప్పుడు జబ్బు వచ్చింది. నిబంధనల ప్రకారం చందా రోజులు సరిపోతే, మామూలు జబ్బుకి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. టీబీ లాంటి దీర్ఘకాలిక జబ్బు అయితే, రెండేళ్లుగా ఈఎస్ఐలో ఉండి కనీసం 156 రోజుల చందా ఉన్నవాళ్లకి, ఆ తర్వాత కూడా 80 శాతం వస్తుంది. మొదటి మూడు నెలలు నెలకి 8,400. తర్వాతి మూడు నెలలు నెలకి 9,600. ఆరు నెలలకి అటూ ఇటుగా 54,000 రూపాయలు. అన్నకి నిక్షయ్ కింద వచ్చింది ఆరు నెలలకి 3,000.

ఇంకోటి చాలామందికి తెలియదు. అప్పటి ఈఎస్ఐ చట్టం ప్రకారం, జబ్బు భృతి తీసుకుంటున్న రోజుల్లో కార్మికుణ్ని ఉద్యోగంలోంచి తీసేయకూడదు. అంటే ఆ 480 రూపాయలు కూలినీ కాపాడేవి, కుర్చీనీ కాపాడేవి. తొమ్మిదో మనిషికీ పదో మనిషికీ మధ్య తేడా ఇంత.

మీలో కొందరు ఆరోగ్యశ్రీ ఉంది కదా అని అంటారు. ఉంది, అది లేకపోతే ఎన్ని ఇళ్లు అప్పుల్లో మునిగిపోయేవో. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పరిమితి 10 లక్షలు. గుండె ఆపరేషన్ అయినా, క్యాన్సర్ అయినా ఆసుపత్రి బిల్లు అది చూసుకుంటుంది. కానీ జబ్బు వచ్చినప్పుడు ఇంట్లో రెండు ప్రశ్నలు పుడతాయి. బిల్లు ఎవరు కడతారు? ఇన్నాళ్లూ కూలి ఎవరు ఇస్తారు? ఆరోగ్యశ్రీ మొదటి ప్రశ్నకే జవాబు. ఆపరేషన్ ఫ్రీగా అయిపోయి, తర్వాత మూడు నెలలు మంచం మీద ఉన్న మనిషి ఇంట్లో కిరాయి ఎలా కడతారన్నది దాని పరిధిలో లేదు.

రెండో ప్రశ్న కొత్తదేం కాదు. 1883లో జర్మనీలో బిస్మార్క్ కాలంలో కార్మికుల ఆరోగ్య బీమా చట్టం వచ్చినప్పుడు, అందులో వైద్యంతోపాటు జబ్బు పడ్డ రోజులకి సగం కూలి కూడా పెట్టారు, 13 వారాల దాకా. కార్మికుడికి జబ్బు అంటే ముందు ఆగిపోయేది కూలి అని 140 ఏళ్ల కిందటే అర్థమైంది.

సరే, యజమాని వైపు నుంచి కూడా చూద్దాం. పదో మనిషిని పెట్టుకుంటే ఆ ఒక్కడి 390 మాత్రమే కాదు, పది మందికీ కట్టాలి. నెలకి 3,900. పైగా రిజిస్ట్రేషన్, నెలనెలా ఆన్‌లైన్ ఫైలింగ్. చిన్న కార్ఖానా నడిపేవాడు ఏం చేస్తాడు? తొమ్మిది దగ్గర ఆగుతాడు. లేదా పని బయటికి, ఇళ్లకి పంపుతాడు. ఆరోగ్యం కోసం పెట్టిన గీత ఉద్యోగం సైజుని కూడా నిర్ణయిస్తుందన్నమాట.

ఆర్థికవేత్తలు ఇంకో మాట అంటారు. యజమాని కట్టే వాటా చివరికి కార్మికుడి జీతంలోంచే తగ్గుతుందేమో అని. అమెరికా ఆర్థికవేత్త లారెన్స్ సమ్మర్స్ 1989లో దీని మీద రాశాడు. ఆయన లెక్క సింపుల్‌గా చెప్పాలంటే ఇదీ. ఆ సౌకర్యం కార్మికుడికి నిజంగా విలువైనదైతే, జీతం కొంచెం తగ్గినా అతను ఆ ఉద్యోగమే కోరుకుంటాడు, ఉద్యోగాలు పెద్దగా పోవు. కార్మికుడు దానికి విలువ ఇవ్వకపోతే అది ఉత్త పన్నులాగా పనిచేస్తుంది, ఉద్యోగాల మీద దెబ్బ పడుతుంది.

ఇది చదివినప్పుడు నాకు మా గల్లీ గుర్తొచ్చింది. ఇక్కడ చాలామంది "ఈఎస్ఐ వద్దు, ఆ తొంభై రూపాయలు చేతికివ్వండి" అంటారు. తెలివి లేక కాదు. పెద్ద ఈఎస్ఐ ఆసుపత్రి సనత్‌నగర్‌లో ఉంది. లాల్ దర్వాజా నుంచి పోయి, లైన్‌లో నిలబడి, తిరిగొచ్చేసరికి రోజు గడిచిపోతుంది. రోజు కూలి పోగొట్టుకుని ఫ్రీ మందులు తెచ్చుకోవడం అతనికి ఫ్రీ అనిపించదు. కాబట్టి చందా శాతం ఎంత అన్నది ఎంత ముఖ్యమో, దవాఖానా ఎంత దూరంలో ఉంది, ఎన్ని గంటలకి తెరుస్తారు అన్నది కూడా అంతే ముఖ్యం. 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలు దూరం సమస్యని బాగా తగ్గించాయి, నడిచి పోవచ్చు. కానీ అవి పనిచేసేది పగటిపూట, కార్చోబ్ నడిచేదీ పగటిపూటే. అదే దవాఖానా సాయంత్రం ఏడింటిదాకా ఉంటే, పని మానకుండా పోవచ్చు. కొత్త చట్టం అక్కర్లేని మార్పు ఇది.

చట్టం మారిన సంగతి కూడా చెప్పాలి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, పది మంది కంటే తక్కువ ఉన్న చోట యజమాని, మెజారిటీ కార్మికులు ఒప్పుకుంటే ఈఎస్ఐలో చేరొచ్చు. ప్రమాదకరమైన పని అని ప్రభుత్వం గుర్తించిన చోట ఒక్క మనిషి ఉన్నా చేరాల్సిందే. స్విగ్గీ, జొమాటో, ర్యాపిడో లాంటి వాటిలో పనిచేసేవాళ్ల సామాజిక భద్రత కోసం కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం దాకా ఇవ్వాలని కూడా ఉంది. ఇవన్నీ కాగితం మీద మంచి మాటలే. గాజుల అన్న లాంటివాళ్లకి ఇప్పుడు అడిగే దారి ఒకటి ఉంది.

మరి మా అమ్మకి? ఆమెకి యజమాని ఎవరు? సేట్‌ని అడిగితే "నేను మధ్యవాణ్ని, పని షాపువాళ్లది" అంటాడు. షాపుని అడిగితే "ఆమె ఎవరో మాకు తెలియదు, మేము సేట్‌కి ఇచ్చాం" అంటారు. మెజారిటీ ఒప్పుకుంటే అని చట్టం అంటుంది, ఇంట్లో ఒక్కతే కూర్చుని కుట్టే మనిషి ఎవరితో కలిసి ఒప్పుకోవాలి?

ఇది తెగని ముడి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు వెళ్లండి. అక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా ఇంట్లోనే కూర్చుని చుడతారు, వెయ్యికి ఇంత అని పీస్ లెక్కే, మధ్యలో కమీషన్‌దారు కూడా ఉంటాడు. అయినా 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టే మహిళని కార్మికురాలిగానే గుర్తించింది. 1976లో వాళ్ల కోసం సంక్షేమ నిధి చట్టం వచ్చింది, బీడీల మీద సెస్సు వేసి దవాఖానాలు నడిపారు. బీడీ కార్మికుల ఆరోగ్యం, కూలి అంతా బాగుందని నేను చెప్పట్లేదు. జీఎస్టీ వచ్చాక 2017లో ఆ సెస్సు కూడా పోయింది. నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో చేసే పనికి లెక్కాపత్రం పెట్టడం మన రాష్ట్రంలోనే, మన ఆడవాళ్లకే, ఒకసారి చేసి చూపించారు. బీడీకి చేయగలిగింది బ్లౌజుకి ఎందుకు చేయలేం?

ఎపిసోడ్ ముగించేముందు మూడు పనులు చెప్తాను. మీ చేతిలో ఉన్నవే.

ఒకటి. మీరు ఉద్యోగం చేస్తుంటే పేస్లిప్ తెరిచి ఈఎస్ఐ లైన్ ఉందో లేదో చూడండి. జీతం 21,000 లోపు ఉండి, పది మంది ఉన్న చోట పనిచేస్తూ, ఆ లైన్ లేకపోతే అడగండి. డబ్బు కట్ అవుతుంటే మీ బీమా నంబర్ తీసుకుని ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చాలామంది జబ్బు వచ్చాకే ఆ నంబర్ వెతుకుతారు.

రెండు. మీ ఇంట్లో నలభై దాటినవాళ్లకి ఈ రోజే ఒక సూది, దారం ఇచ్చి చూడండి. బియ్యం ఏరేటప్పుడు చాట దూరం పెట్టుకుంటున్నారా, ఫోన్‌ని చెయ్యి చాచి పట్టుకుని చదువుతున్నారా గమనించండి. నేను నాలుగేళ్లు సూదులు ఎక్కించాను కానీ, ఎందుకు ఎక్కించాల్సి వస్తోందని ఒక్కసారి కూడా అడగలేదు. చిన్నపిల్లాణ్ని, అయినా ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మూడు. మీ కార్పొరేటరో, ఎమ్మెల్యేనో మీ గల్లీకి వచ్చినప్పుడు కొత్త దవాఖానా కావాలని అడగడంతో ఆపకండి. ఉన్న దవాఖానా సాయంత్రం తెరవమని అడగండి.

అమ్మకి ఇప్పుడు 50 దాటాయి. అద్దాలు రెండుసార్లు మారాయి. కళ్లు బాగానే ఉన్నాయి కానీ, ఇన్నేళ్లు కార్చోబ్ మీద వంగి వంగి ఇప్పుడు మెడ పట్టేస్తోంది, రోజుకి మూడు గంటల కంటే కూర్చోలేదు. దానికి క్యాంపు ఇంకా ఎవరూ పెట్టలేదు. అక్క పక్క గల్లీలోనే ఉంటుంది. తనకిప్పుడు ఒక కూతురు. ఆ పిల్లని సూదులు ఎక్కించడానికి కూర్చోనివ్వదు అక్క. దగ్గరికొస్తే "పోయి సదువుకో పో" అని తరుముతుంది.

మీ ఇంట్లో కూడా ఇలా ఒక జబ్బు వల్ల ఎవరి పనో, ఎవరి చదువో ఆగిపోయి ఉంటే కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.